కొత్త నారలతో వింటినారి

శ్రీరాముని విల్లును తలచుకొనకుండ కడప సీమలో నాలుగామడల దూరము నడచుట కష్టము. పులివెందుల నుండి వేంపల్లె మీదుగా పోయి, పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వెలువడు గండిని చేరినచో, లంకనుండి మరలివచ్చు రాముడు తన బాణపు మొనతో ఆంజనేయుని రూపమును శిలపై గీచెనని అచ్చటివారు భక్తితో చెప్పుదురు. ప్రొద్దుటూరున పెన్న యొడ్డున వెలసిన ముక్తిరామేశ్వరుని ఆ రాముడే ప్రతిష్ఠించెనని స్థలపురాణము పలుకును. ఒంటిమిట్టలో సీతాలక్ష్మణులతో గూడి ఏకశిలపై నిలిచిన స్వామి పేరే కోదండరాముడు. పురాణమును విడిచి చరిత్రకు వచ్చినను విల్లు మనలను విడువదు. జమ్మలమడుగునకు చేరువలో, పెన్న త్రవ్వుకొన్న లోయ అంచున నిలిచిన గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు విజయనగర ప్రభువుల సామంతులు. ఆ విజయనగరమును 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, బంగారు వెండి రేకులు తొడిగిన విండ్లను పూనిన విలుకాండ్రను గూర్చి వ్రాసి పెట్టెను.

ఇన్ని కథలలోను విల్లు ఉన్నది, అమ్ము ఉన్నది. రెంటినీ కలుపు నారిని గూర్చి మాటాడువారు అరుదు. శిల్పులును తరచుగా విల్లు వంపును చెక్కి నారిని విడిచిపెట్టుదురు. కాని విలువిద్యను కొంతకాలము అభ్యసించిన వానిని అడిగినచో, విల్లునకు ప్రాణము నారియే యని సందేహింపక చెప్పును. నారి బాగుగా లేని మేలివిల్లు కంటె నారి కుదిరిన సాధారణపు విల్లే వానికి ప్రియము. నేడు ఆ నారిని చేయుటకు చెట్టు నారయు జంతువుల నరమును మాని, రసాయన కర్మాగారములలో పుట్టిన కృత్రిమతంతువులను వాడుచున్నారు. కర్రవిల్లునకును వెదురువిల్లునకును ఈ కొత్త నారలను ఎట్లు పొందుపరుపవలెనో, ఆ పొందిక తప్పినచో ఏమగునో చెప్పుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

నారి తెగుట యెంత ప్రమాదమో మన పురాణకర్తలకు బాగుగా తెలియును. దేవీభాగవతమున హయగ్రీవావతార కథ కలదు. విష్ణువు యుద్ధములచే అలసి, ఎక్కుపెట్టిన వింటిపై తల ఆనించి నిద్రింపగా, దేవతలు ఆయనను మేల్కొల్పుటకు వమ్రి యను చీమను ప్రేరేపించి నారిని కొరికించిరి. నారి తెగినంతనే ఘోరమైన ధ్వనితో వింటికొప్పు ఎగసి విష్ణువు శిరస్సునే ఖండించినదట. కథలోని అద్భుతము నటుంచి దానిలోని యంత్రశాస్త్రమును పరికించినచో, అది అక్షరసత్యము. ఎక్కుపెట్టిన విల్లు నిశ్చలముగా కన్పించినను దాని బాహువులు నిరంతరము తమ సహజస్థితికి మరలుటకు పెనుగులాడుచునే యుండును. ఆ పెనుగులాటను ఆపియుంచునది నారి యొక్కటియే. నారిని చెవిదాక తిగిచి విడిచినప్పుడు విల్లు తనలో దాచుకొన్న శక్తిలో అధికభాగమును అమ్మునకు అర్పించి తాను శాంతించును. ఆ నడుమ నారి తెగినచో అర్పించుటకు అమ్ము చేతికందక, ఆ శక్తి యంతయు వెనుకకు తిరిగి విల్లునే చీల్చును. అమ్ము లేకుండ ఉత్తవింటిని లాగి విడువరాదని గురువులు మొదటిరోజుననే శిష్యుని హెచ్చరించుట కూడ ఈ కారణముననే.

పూర్వులు నారికి వాడిన ద్రవ్యములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారమును గూర్చిన అధ్యాయములో పేర్కొనెను: మూర్వ, అర్కము, శణము, గవేధువు, వేణువు, స్నాయువు. ఈ పట్టికను చేతబట్టుకొని కడప జిల్లా పొలిమేరలలో తిరిగినచో సగము సరకు కండ్లయెదుటనే దొరకును. అర్కమనగా జిల్లేడు, ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు పోవు దారిలో బీడుభూములలో ఎవరును నాటకయే పెరుగునది. దాని కాండమును ఎండనిచ్చి బెరడును వలిచినచో తెల్లని సన్నని నార వచ్చును. పొడవు తక్కువయైనను బలమునకు పెట్టినది పేరు. శణము మన రైతులు పచ్చిరొట్ట కొరకు చల్లు జనుము. మూర్వను మనవారు చాగ యందురు. కత్తులవలె నిలువుగా లేచు దళసరి ఆకులు గల ఈ మొక్క నారతోనే క్షత్రియ వటువునకు మొలత్రాడు పేనవలెనని మనుస్మృతి విధించినది. కోరమండలతీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బరో దొర ఈ చాగను, దాని నారను గూర్చియు వ్రాసెను. నేడు పట్టణములలో ఇంటింట కుండీలలో పెంచు స్నేక్ ప్లాంట్ దీనికి జ్ఞాతియే గాని, ఆ ఆకులలో వింటినారి దాగియున్నదని ఆ యింటివారికి తెలియదు. వేణువనగా వెదురు, పలుచగా చీల్చిన వెదురుబద్దనే నారిగా బిగించు వాడుక భిల్లులు మొదలగు గిరిజనులలో ఇటీవలివరకును నిలిచియున్నది.

ఇతర దేశములవారును తమ తమ నేలలో దొరకు సరకునే నమ్ముకొనిరి. తురుష్కులు పట్టుతో నారిని చేసిరి; ఆంగ్లేయులు జనపజాతి నారతోను అవిసెనారతోను పేనిరి. 1545లో రోజర్ ఆస్కమ్ అను పండితుడు విలువిద్యను గూర్చి వ్రాసిన గ్రంథములో, సన్ననినారి అమ్మును వేగముగా పంపుననియు, లావునారి నమ్మకముగా పంపుననియు విమర్శించెను. నాలుగు శతాబ్దముల తరువాత భౌతికశాస్త్రజ్ఞులు చేతికి గణితము తీసికొని చూచినప్పుడు ఆ మాట నిజమని తేలినది. నారి బరువులో సుమారు మూడవవంతు అమ్మునకు అంటగట్టినట్లే లెక్క. కనుక నారి యెంత తేలికయైన అమ్ము అంత చురుకుగా పోవును. బలము తగ్గకుండ బరువును తగ్గించుట యెట్లు? ఇరువదవ శతాబ్దపు రసాయనశాస్త్రము ఈ ప్రశ్నకు ఒకదానివెంట ఒకటిగా సమాధానములు చెప్పినది.

మొదట వచ్చినది నైలాను. అమెరికాలో డ్యూపాంట్ సంస్థయందు కరోథర్స్ 1935లో దానిని కనుగొనెను. బలమైనదే, తడికి చీకనిదే. కాని అది సాగును. నారి సాగినచో విల్లు శక్తి అమ్మును త్రోయుటకు బదులు నారిని సాగదీయుటలో వ్యయమగును. మన పల్లెలలో పిల్లలు వెదురుబద్దకు బజారులో దొరకు నైలాను దారము కట్టి ఆడుకొనునప్పుడు, పుల్ల నాలుగుగజములు పోయి చతికిలబడుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. ఆ తరువాత 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు పాలియెస్టరు తంతువును కనుగొనిరి. డ్యూపాంటువారు దానినే డాక్రాన్ అను పేరుతో విక్రయింప మొదలిడగా, 1950ల తరువాత విలుకాండ్రు అవిసెనారను విడిచి దానిని ఆశ్రయించిరి. మన చొక్కాలలో పత్తితో కలసి వచ్చునదియు, దర్జీల కుట్టుదారములో నుండునదియు ఈ జాతి తంతువే. నైలాను కంటె తక్కువ సాగును. ఎండకు వానకు ఓర్చును. ఏండ్ల తరబడి నిలుచును. బి-50 అను పేర దొరకు డాక్రాన్ పోగు ఒక్కొక్కటి దాదాపు 50 పౌండ్ల బరువును భరించును.

1965లో స్టెఫనీ క్వోలెక్ అను విదుషి అదే డ్యూపాంటు సంస్థలో కెవ్లార్‌కు దారితీసిన పరిశోధన చేసెను. తుపాకిగుండును ఆపు కవచములకు వాడు ఈ తంతువు సాగుట మిక్కిలి తక్కువ గనుక, 1970లలో పోటీలలో పాల్గొను విలుకాండ్రు దానికై ఎగబడిరి. అమ్ములు వేగముగా పోయినవి. కాని కెవ్లార్‌కు ఒక దౌర్బల్యము కలదు. ఒకేచోట మరల మరల మడతపడుటను అది ఓర్వలేదు. అమ్ము పింజ తగులుకొను చోటనే లోలోపల పోగులు విరిగి, ముందుగా హెచ్చరింపక, సుమారు వేయి అమ్ములలోపే నారి పుటుక్కున తెగెడిది. ఆ కాలపు ఆటగాండ్రు వేసిన అమ్ములను లెక్కపెట్టుకొని గడువునకు ముందే నారిని మార్చుకొనుచుండిరి.

ఆ బాధను తప్పించినది పాలిఎథిలీన్. మన సంచులకు, బిందెలకు వాడు ప్లాస్టిక్కునకు ఇది దగ్గరి బంధువే యన్నచో నమ్ముట కష్టము. డచ్చి దేశపు డి.ఎస్.ఎం. సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా అనువారు 1979 ప్రాంతమున మిక్కిలి దీర్ఘమైన అణుశృంఖలములు గల దాని రకమును జిగురుద్రవముగా కరగించి, వడికి, సాగదీసి, శృంఖలములన్నియు ఒకే దిశగా బారులుతీరునట్లు చేసిరి. అట్లు పుట్టినది డైనీమా. అమెరికాలో దానికి స్పెక్ట్రా యని పేరు. బరువుకు బరువు తూచినచో ఉక్కు కంటె పదునైదురెట్ల బలము గలదని తయారీదారులు చెప్పుదురు. సాంద్రత 0.97 మాత్రమే యగుటచే నీటిపై తేలును. 1980ల నడుమ ఫాస్ట్ ఫ్లైట్ అను పేర ఇది వింటినారిగా అంగడికి వచ్చినది. ఇప్పటి పోటీలలో దీనిదే రాజ్యము. దీనికిని ఒక లోపమున్నది. దీర్ఘకాలము బిగువులో నుంచినచో మెల్లమెల్లగా సాగి, సాగినది మరల మొదటి పొడవునకు రాదు. ఆ లోపమును పూరించుటకై ఏమాత్రము అట్లు సాగని వెక్ట్రాన్ తంతువును కలిపి మిశ్రమపు దారములు చేయుచున్నారు. విజయవాడలో చెరుకూరి సత్యనారాయణగారు స్థాపించిన వోల్గా ఆర్చరీ అకాడమీవంటి చోట్ల పెరిగిన విలువిద్య తెలుగువారికి ప్రపంచఖ్యాతి తెచ్చినది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమె పాల్గొను కాంపౌండు పోటీలలో వాడు నారులును ఈ పాలిఎథిలీన్ వంశపువే.

అట్లైనచో మన వెదురువిల్లునకును కర్రవిల్లునకును గూడ ఆ శ్రేష్ఠమైన నారినే కట్టుద మనిపించుట సహజము. అచ్చటనే పొరపాటు జరుగుచున్నది. డాక్రాన్ కొంచెము సాగునని చెప్పితిని గదా. విల్లు తన పరుగు ముగించి ఆగు క్షణమున ఆ స్వల్పపు సాగుడే వింటికొప్పులకు తగులు దెబ్బను మెత్తపరచును. డైనీమా అట్లు సాగదు. పరుగు ముగిసిన క్షణమున బాహువులు ఒక్కసారిగా ఆగిపోవుటచే దెబ్బ అంతయు కొప్పులపై పడును. పైగా ఈ దారము మిక్కిలి సన్నము, నునుపు. తక్కువ పోగులతో చేసిన ఉచ్చు కత్తివలె కొయ్యలోనికి దిగును. ఫాస్ట్ ఫ్లైట్ వచ్చిన తొలిదినములలో, డాక్రాన్‌ను దృష్టియందుంచుకొని చేసిన పాతవిండ్ల కొప్పులు చీలిపోయినట్లు అనుభవజ్ఞులు చెప్పుదురు. తరువాతి కాలపు విండ్లకొప్పులకు గట్టి పొరలు అంటించి, కొత్త నారికి తగినట్లు దిట్టపరచుట ఆ అనుభవముననే ప్రారంభమైనది.

పూర్వపు అవిసెనార కూడ సాగనిదే గదా, ఆనాటి కర్రవిండ్లు దానికెట్లు ఓర్చెనని చదువరి అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఆంగ్లేయుల పొడవువిల్లు కొప్పులకు కొమ్ముతొడుగులు ఉండెడివి. ఆ కొమ్మును నారి కోయలేదు. అవిసెనారి లావుగాను బరువుగాను ఉండెడిది. కాబట్టి నారికి ఇంత బలమున్నది, ఇంత వేగమున్నది అని అంగడివాడు చెప్పు గుణములను విని కొనుట కాదు చేయవలసినది. మన వింటికొప్పు యెట్టిదో మొదట తడిమి చూడవలెను. కొమ్ముగాని, గట్టికొయ్యగాని, తగిన తొడుగుగాని లేని వెదురువిల్లునకు నా దృష్టిలో డాక్రానే ఉత్తమము. దూరములో కొన్ని గజములు నష్టపోయినను విల్లు బ్రతుకును. డైనీమానే వాడవలెనన్న పట్టుదల గలవారు, ఉచ్చులున్న చోట అదనపు పోగులు చేర్చి లావుపరచి, కొప్పులకు తొడుగు వేయించుకొని వాడుకొందురుగాక. మన దేశపు పోటీలలో ఇండియన్ రౌండ్ అను విభాగమున పిల్లలు వెదురువిండ్లతోనే 50, 30 మీటర్ల దూరములకు గురిచూచి వేయుదురు. విలువిద్య మొదలిడు బీదపిల్లలకు ఆ విల్లే ఆస్తి. వేగపు ఆశతో ఆ విల్లును విరుగగొట్టించు నారిని వారి చేతికి ఇచ్చుట నాకు సహింపరాని విషయము.

ఇక తయారీ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములు తరతరములుగా పత్తిబేరమునకును నేతకును పేరొందినవి. మగ్గపుటింట పుట్టినవారికి వింటినారి చేయుట నేర్పవలసిన పని చాల తక్కువ. నారిలో రెండు ముఖ్యవిధములు కలవు. ఒకటి అంతులేని నారి: రెండు మేకుల నడుమ ఒకే దారమును, నేతగాడు ఆసు పోసినట్లు, అటునిటు కావలసిన చుట్లు చుట్టి, కొసలు ముడివేసి, రెండు చివరలను మరొక దారముతో దట్టముగా చుట్టి ఉచ్చులు చేయుదురు. పోటీవిండ్లకు ఇది వాడుక. సంప్రదాయపు విండ్లకు ఎక్కువగా వాడునది రెండవది, పురిపెట్టిన నారి. ఫ్లెమిష్ నారి యని దానికి పేరు. గోగునారతో పగ్గములు పేను రైతునకు ఈ పురి కొత్తది కాదు.

66 అంగుళముల వంపువిల్లును తీసికొందము. నారి దానికంటె సుమారు 4 అంగుళములు పొట్టిగా, అనగా 62 అంగుళములు ఉండవలెను. విల్లు లాగుబలము 40 పౌండ్లైనచో డాక్రాన్ పోగులు 12 వాడుట పరిపాటి. 50కి 14, అంతకు మించినచో 16. పన్నెండు పోగులకు ఆరువందల పౌండ్ల బలమేల, విల్లు నలుబదియే గదా యని తోచవచ్చును. కాని అమ్ము నారిని విడిచిన మరుక్షణమున నారిపై పడు ఉద్రిక్తత లాగుబలమునకు ఎన్నోరెట్లు. పోగుల సంఖ్య ఆ క్షణమునకై లెక్కింపబడినది.

పోగులను 80 అంగుళముల పొడవుగా కత్తిరించి, ఆరు నల్లనివి ఒక పేటగా, ఆరు ఎర్రనివి వేరొక పేటగా విడదీయుదురు. రంగులు వేరుగానుండుట అందమునకు మాత్రమే కాదు. పురి తప్పినచో వెంటనే కంటికి తెలియును. ప్రతి పేటలోను పోగుల కొసలు ఒకేచోట ముగియకుండ అరయంగుళము చొప్పున వెనుకముందుగా జరుపవలెను. లేకున్నచో ఉచ్చు క్రింద నారి ఒక్కసారిగా సన్నగిల్లి, అచ్చటనే బలహీనమగును. పేటలకు తేనెమైనము దట్టముగా పట్టించి వ్రేళ్లతో రుద్దగా, వేడికి మైనము కరగి ఆరుపోగులును ఒకటిగా అంటుకొనును. ఇప్పుడు కొసనుండి 8 అంగుళముల దూరమున రెండు పేటలను ఎడమచేతి బొటనవ్రేలు చూపుడువ్రేళ్ల నడుమ గట్టిగా పట్టుకొని, పైనున్న నల్లపేటను ఆవలివైపునకు గట్టిగా నులిమి, నులిమినదానిని ఎర్రపేట మీదుగా ఈవలికి తేవలెను. ఇప్పుడు ఎర్రపేట పైకి వచ్చును. దానిని ఆవలికి నులిమి నల్లదాని మీదుగా ఈవలికి. ఒక్కొక్క పేటలోని నులి విడిపోజూచును. రెండు పేటల పెనవేత దానికి ఎదురుదిశ. ఒకదాని తిరుగుబాటును రెండవది అణచుచుండును. ముడి యొక్కటియు లేకుండ ఈ నారి నిలుచుటకు ఇదియే రహస్యము.

అట్లు మూడంగుళములు పేనిన పిమ్మట దానిని వంచి ఉచ్చుగా మలచి, మిగిలిన నల్లకొసను నల్లపేటలోను, ఎర్రకొసను ఎర్రపేటలోను కలిపి, మరల అదే రీతిని కొసలు అంతర్ధానమగునంతవరకు పేనవలెను. పైఉచ్చు కొంచెము పెద్దది. విల్లు దించినప్పుడు అది బాహువుపై జారి క్రిందికి రావలెను గనుక. క్రిందిఉచ్చు చిన్నది. మొదటి ఉచ్చు పేనునప్పుడు, నేర్పులేని వాని చేతిలో, నారి నడుమభాగములోని రెండు పేటలు తమలో తాము ఎదురుదిశకు మెలికలు పడును. వానిని దువ్వి, విడదీసి, సాపుచేయకయే రెండవ ఉచ్చునకు దిగినచో పన్నెండు పోగులును సమముగా బిగువు పంచుకొనవు. నాలుగు పోగులు మోయును, ఎనిమిది సోమరులై వ్రేలాడును. నారి చూపులకు బాగుగానే యుండును గాని బలము మూడవవంతే. ఈ కిటుకు తెలిసినవాడు ప్రతి పేటను వ్రేలికి తగిలించి, లాగి, పోగులన్నియు ఒకే స్వరమున బిగిసినవో లేదో చూచుకొని గాని ముందుకు సాగడు. పడుగులో ఒక్క పోగు వదులైనను బట్టలో తెలియునని ఎరిగిన ప్రొద్దుటూరి నేతగాని వ్రేళ్లు ఈ పనికి పుట్టినవే. మన జిల్లాలో ఇన్ని మగ్గములుండగా విలుకాండ్రు నారికై దూరదేశపు అంగళ్ల వైపు చూడనేల?

డైనీమాతో పేనువాడు మరికొంత జాగరూకుడు కావలెను. అది జారుడు దారము; దానిపై ముడులు నిలువవు; డాక్రాన్ కంటె కొసలను ఎక్కువ దూరము పేనవలెను.

ఉచ్చులు రెండును ముగిసిన పిమ్మట, ఇరువది ముప్పది మెలికలు వేసి నారిని ఎక్కుపెట్టి ఒకరాత్రి ఉంచినచో అది సాగి కుదురుకొనును. తరువాత నడుమ, అమ్ము తగులు చోటికి పైన క్రింద కొన్ని అంగుళముల మేర, నైలానుదారముగాని పాలియెస్టరుదారముగాని దట్టముగా చుట్టవలెను. ఆటగాండ్రు దీనిని సర్వింగ్ అందురు. వ్రేళ్ల రాపిడిని, ముంజేతి తొడుగు రాపిడిని ఇది తాను భరించి నారిని కాపాడును. చుట్టు లావు అమ్ము పింజ గాడికి సరిపోవలెను. పరీక్ష సులువు: అమ్మును నారికి తగిలించి క్రిందికి వ్రేలాడనిచ్చి, నారిని వ్రేలితో మెల్లగా తట్టవలెను. తట్టకముందే పడినచో వదులు. తట్టినను పడకున్నచో బిగువు. తట్టగా పడినచో సరి.

మన సీమ ఎండను గూర్చి ఒక మాట. వేసవిలో ఇచ్చట ఉష్ణము 40 డిగ్రీలు దాటుట నిత్యకృత్యము. ఎండలో నిలిపిన మూతవేసిన కారులోపల అంతకంటె ఎంతో హెచ్చు. డైనీమా కరగుటకు దాదాపు 150 డిగ్రీలు కావలెను గనుక కరగుట అసంభవమే గాని, వేడికి అది సాగుట త్వరపడును. ఎక్కుపెట్టిన వింటిని కారులో విడిచి పోయిన విలుకాడు సాయంకాలము వచ్చి చూచునప్పటికి నారి పొడవై, పిడికిని నారికిని నడుమ ఎడము తగ్గియుండును. ఆ ఎడము తగ్గినచో నారి ముంజేతిని కొట్టును, అమ్ము గురి తప్పును. పూర్వపు ఆంగ్లేయులు పిడికిలి బిగించి బొటనవ్రేలు నిలిపి ఆ ఎడమును కొలిచెడివారు. ఇప్పటివారు వంపువిల్లునకు ఏడున్నర నుండి తొమ్మిది అంగుళముల నడుమ విల్లునుబట్టి నిర్ణయించుకొందురు. ఆటకు ముందు ప్రతిదినము కొలిచి, తగ్గినచో నారికి కొన్ని మెలికలు చేర్చి పొట్టిచేయవలెను. ఎండకు మైనము కరగి దుమ్ము అంటుకొనుట మన ఎర్రనేలలో మరొక బాధ. దుమ్ము పట్టిన నారిని మెత్తనిబట్టతో తుడిచి మరల మైనము పట్టింపవలెను. ఇసుకరేణువు పోగుల నడుమ చేరి చేయు కోత కంటికి కనబడదు.

నారి యెంత మేలైనదైనను, కర్రవిల్లును పని తీరినతోడనే దించవలెను. కొయ్యకును వెదురునకును బిగువు అలవాటైనచో వంపు నిలిచిపోవును, చేవ తగ్గును. విరాటపర్వమున పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు శమీవృక్షముపై ఆయుధములు దాచునప్పుడు, గాండీవము మొదలుగా అన్ని విండ్ల నారులను ముందుగా దించిరని వ్యాసుడు ప్రత్యేకించి చెప్పెను. ఏడాదిపాటు విడువబోవు విల్లును ఎక్కుపెట్టి యుంచరాదన్న ఎరుక గల రచయిత మాత్రమే వ్రాయగల వాక్యమది. విజయదశమినాడు ప్రొద్దుటూరు దసరా సంరంభములో జమ్మికి నమస్కరించు వేలజనులలో విల్లు చేపట్టు పిల్లలెవరైన నుండినచో, ఆ చెట్టు క్రిందనే ఈ సంగతిని వారికి చెప్పవలెనని నా కోరిక.

నారిని ఎప్పుడు మార్చవలెను? డాక్రాన్ నారి కెవ్లార్‌వలె మోసము చేయదు, ముందే చెప్పును. నూగు లేచినచో మైనము పట్టించి వాడుకొనవచ్చును. ఒక్క పోగైనను పూర్తిగా తెగినచో ఆ నారితో మరొక అమ్మును వేయరాదు. కొప్పులయొద్ద ఉచ్చు లోపలిభాగమును, సర్వింగ్ ముగియు అంచులను గోటితో తడిమి చూచుట ప్రతిదినపు అలవాటు కావలెను. తెగుట మొదలగునది ఆ చోట్లనే. కర్ణపర్వమున కర్ణుడు గాండీవపు నారిని మరల మరల త్రెంచుటయు, అర్జునుడు వెంటవెంటనే వేరొక నారిని ఎక్కించి యుద్ధము సాగించుటయు మనము చదివినదే. సంచిలో అదనపు నారి యుంచుకొనువారు దానిని కూడ ముందే ఎక్కించి, కొన్ని డజనుల అమ్ములు వేసి, సాగుడు తీర్చి, మొదటి నారితో సమానమైన పొడవునకు మెలికలు సరిచేసి, అమ్ము తగులు చోటికి గుర్తుగా దారము చుట్టి, ఉచ్చులు ఏవైపువో మరచిపోకుండ పైదానికి ముడివేసిన చిన్న ఎర్రపోగుతో, పొడిసంచిలో చుట్టగా చుట్టి పెట్టుకొనవలెను.